కొంగపిల్ల

సరుకు గురించి ఎవరు ఏం చెప్పినా, ఆ మాటవల్ల వాళ్ళకి వచ్చే లాభమేంటో ముందు చూడాలి. మాట సంగతి ఆ తర్వాత. పాత బళ్ళ వ్యాపారంలో నేను నేర్చుకున్నదంతా పిండితే మిగిలేది ఈ ఒక్క ముక్కే. మా అమ్మాయికి అక్షరాలు బడిలో నేర్పారు. ఇది మాత్రం బళ్ళ మధ్య నేనే నేర్పాను. చిన్నప్పుడు దాన్ని యార్డులో ఏదో ఒక బానెట్ మీద కూర్చోబెట్టి, బేరానికి వచ్చినవాళ్ళని చూపించేదాన్ని.

"ఇంజను నీరసంగా ఉందంటున్నాడు చూడు. ఎందుకంటున్నాడు?"

"ధర తగ్గించడానికి."

"పక్కనున్న బ్రోకరేమో ఇంజను గుండ్రాయిలా ఉందంటున్నాడు?"

"ఆయనకి కమీషను."

"శభాష్."

"మరి నువ్వేమంటావమ్మా?"

"నేను నోరు మూసుకుంటాను. అమ్మేవాళ్ళ మాటకి విలువ ఉండదు."

అది పెద్దదై చదువు ముగించిన ఎండాకాలం ఆ పాఠం తిరిగి తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది.

మా యార్డులో ఉండేవన్నీ ఒకే కంపెనీ బళ్ళు. బానెట్ చివర రెక్కలు విప్పిన పక్షి బొమ్మ ఉంటుంది. కంపెనీవాళ్ళు ఆ పక్షికి ఏదో గొప్ప పేరు పెట్టుకున్నారట గానీ, మా ఊరికి అది కొంగ. బండి కొంగబండి. కొత్త కొంగని కొనగల స్తోమత ఊళ్ళో ఏ ఒకరిద్దరికో తప్ప లేదు. కొంగ కావాలన్న కోరిక మాత్రం వ్యాపారం కాస్త పుంజుకున్న ప్రతివాడికీ ఉండేది. ఆ కోరికకీ ఆ స్తోమతకీ మధ్య ఉన్న సందులోనే మేం కాపురం చేసేవాళ్ళం. నేను పెద్ద ఊళ్ళకి వెళ్ళి, నలిగిపోయిన కొంగల్ని బేరమాడి తెచ్చేదాన్ని. మా ఆయన మెకానిక్. వాటికి మళ్ళీ ప్రాణం పోసేవారు. నన్ను 'ఓనరుగారూ' అని పిలిచేవారు. అందులో సగం వేళాకోళం, సగం నిజం.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, రోడ్డుకి అవతల ఎప్పుడో మూతపడ్డ గోడౌనుకి అద్దాలు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఆ అద్దాల మీద కొంగ బొమ్మ వచ్చింది. కంపెనీ మొట్టమొదటిసారి మా వైపు షోరూము తెరుస్తోందన్నారు. అమ్మేది ఆ పెద్ద బళ్ళు కాదు, కొత్తగా చేసిన చిన్న మోడలు. మామూలు వ్యాపారస్తుడు కూడా వాయిదాల మీద కొనుక్కోవచ్చన్నారు.

అప్పటికి నా యార్డులో ఎనిమిది పాత కొంగలున్నాయి. మా ఇంట్లో ఉన్నదంతా ఇనుమై అక్కడ ఎండలో నిలబడి ఉంది. పాత పెద్దదానికి నేను చెప్పే ధరకే కొత్త చిన్నది దొరికితే, ఇక రోడ్డుకి ఈ వైపు ఎవరొస్తారు?

"కంగారెందుకు ఓనరుగారూ, కొంగలకి వలసకాలమని ఒకటుంటుంది. వచ్చినట్టే పోతాయి" అన్నారు మా ఆయన.

"అవి పోయేదాకా మనం ఉండాలిగా" అన్నాను.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి ఆ షోరూములోనే ఉద్యోగం వచ్చింది. నాకు చెప్పకుండా వెళ్ళి అడిగింది, వచ్చింది. వానలు పడేలోపు బుకింగులు బాగా వస్తే ఉద్యోగం ఖాయం. రాకపోతే షోరూమే ఇంకో ఊరికి పోతుంది, అమ్మాయి ఇంటికొస్తుంది. నీలం చొక్కా, మెడలో కార్డు వేసుకుని మొదటిరోజు రోడ్డు దాటుతుంటే యార్డు గేటు దగ్గర నిలబడి చూశాను. గ్రీజు మరకల మధ్య పెరిగిన పిల్ల. కొత్త బండి వాసన ఎలా ఉంటుందో మా ఇంట్లో ముందు తెలిసింది దానికే.

దాని బండి కదిలితే నా బళ్ళు ఆగిపోతాయి. నా బళ్ళు కదిలితే దాని ఉద్యోగం ఆగిపోతుంది. ఒకే త్రాసులో చెరో పళ్ళెంలో కూర్చుని, సాయంత్రం ఒకే బల్ల దగ్గర భోజనం చేసేవాళ్ళం.

*

"మాకు ట్రైనింగులో 'చిన్న' అన్న మాట నిషేధం" అంది ఒక సాయంత్రం బూట్లు విప్పుతూ.

"మరేమనాలి?" అన్నారు మా ఆయన.

"పొందికైన అనాలి."

"అయ్యో, తెలీక ఇన్నేళ్ళూ నిన్ను చిన్నదానా అని పిలిచాను. పొందికైనదానా, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?"

"నాన్నా!"

నవ్వుతూనే నీళ్ళు తెచ్చి, అసలు సంగతి అప్పుడు చెప్పింది. షోరూము నెత్తిన పెట్టే పెద్ద బోర్డు మీద రాసే మాట దాన్నే ఆలోచించమన్నారట. మేనేజరు వేరే దేశం మనిషి. మండుటెండలో కూడా కోటు విప్పడు కాబట్టి ఊళ్ళో అందరికీ కోటాయన. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు బండి నడిపినట్టు మా భాష మాట్లాడేవాడు, మెల్లగా, ప్రతి మలుపు దగ్గరా ఆగి. అందుకే ఆ పని దీనికి అప్పగించాడు.

"వినండి" అని లేచి నిలబడింది. "మీ స్థాయికి తగ్గ కారు."

నా చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు.

"ఏంటమ్మా?"

"బాగానే ఉంది. ఆ 'తగ్గ' అన్నది వద్దు."

"తగ్గ అంటే తగిన అనమ్మా. స్థాయికి సరిపోయే అని."

"అది నాకూ తెలుసు. కానీ బండి బేరానికి వచ్చినవాడికి 'తగ్గ' అనగానే తగ్గడమే వినిపిస్తుంది. తగ్గుతుందా, ఎంత తగ్గుతుంది, ఇంకొంచెం తగ్గు... రోజూ వింటున్నదేగా నువ్వూ. దాన్ని తీసుకెళ్ళి స్థాయి పక్కన పెట్టావు."

"నిఘంటువు చూసుకో."

"నిఘంటువు కార్లు కొనదు తల్లీ."

అది నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. బానెట్ మీద కూర్చోబెట్టి నేను నేర్పిన చూపే.

"ఈ మాటవల్ల నీకేంటి లాభం?" అంది.

"నాకా?"

"బోర్డు బాగుంటే బుకింగులొస్తాయి. బుకింగులొస్తే నీ ఎనిమిదీ తుప్పు పడతాయి. అమ్మేవాళ్ళ మాటకి విలువ ఉండదని నువ్వేగా చెప్పావు."

"పాఠం బాగా వంటబట్టినట్టుంది ఓనరుగారూ" అన్నారు మా ఆయన. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

*

బోర్డు లేచింది. రోడ్డు మొదట్లోంచే కనిపించేంత పెద్దది. తెల్లబండి, దాని కింద బంగారు రంగు అక్షరాలు.

రెండో రోజో మూడో రోజో, సిమెంటు కొట్టాయన నా యార్డులోకి వచ్చాడు. అంతకు ముందు బేరమాడి, మళ్ళీ వస్తానని పోయినవాడే.

"అక్కా, రోడ్డవతల నా స్థాయి తగ్గిస్తామని బోర్డు పెట్టారు. నీ దగ్గర స్థాయి నిలబెట్టేది ఏమైనా ఉందా?"

"తప్పు, అలా అనకు. అక్కడున్నది మా అమ్మాయి."

"అమ్మాయిని అన్నానా? బోర్డుని అన్నాను. ఆ నల్లకొంగ తలుపు తియ్యి, ఓసారి కూర్చుంటా."

వెనక సీట్లో చేతులు చాపుకుని కూర్చున్నాడు. ఈసారి బేరం కూడా పెద్దగా ఆడలేదు. తాళాలు తీసుకెళ్ళాడు.

ఆ వారం నా గేటు దగ్గర మనుషులు కనిపించడం మొదలైంది. షోరూముకీ జనం వచ్చేవాళ్ళు, బండి కోసం కాదు, బోర్డు కింద ఫొటోల కోసం. లోపలికి వెళ్ళి చల్లగాలికి కాసేపు నిలబడి, బ్రోచరు విసురుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. టీకొట్టు దగ్గర ఇద్దరు ఎదురుపడితే, "ఎలా ఉన్నావు?" అంటే "తగ్గాను!" అనడం మామూలైపోయింది.

ఇంకో మాట కూడా పుట్టింది ఆ రోజుల్లోనే. దాన్ని పుట్టించింది ఎవరో తెలీదు. టెస్ట్ డ్రైవుకి ఆ తెల్లబండి వీధిలోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "అదిగో కొంగపిల్ల!" అనేవాళ్ళు. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆవిడ కూడా సూది ఆపి తల ఎత్తేది. నా పని మనుషుల మొహాలు చదవడం కాబట్టి నాకో తేడా కనిపించింది. బోర్డుని చూసి నవ్వేటప్పుడు వాళ్ళ మూతి వంకర తిరిగేది. బండిని చూసి నవ్వేటప్పుడు కళ్ళు నవ్వేవి.

ఇది అమ్మాయికి చెప్పాలి. ఎలా చెప్పడం?

నేను నోరు విప్పేలోపే అదే విప్పింది. ఒక సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా వచ్చి నా ముందు నిలబడింది.

"ఈ వెక్కిరింత ముందు ఈ ఇంట్లోనే పుట్టింది. మన ముగ్గురి మధ్య. తర్వాత నీ యార్డులో సిమెంటాయన నోట పలికింది. అక్కడి నుంచి ఊరంతా పాకింది."

"నేను ఎవరితోనూ అనలేదు."

"ఆయన బండి కొన్నాడా, లేదా?"

"కొన్నాడు."

"మరింకేంటి."

మా ఆయన ఏదో అనబోయారు. అది లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది. చప్పుడు లేకుండా వేసింది.

దాని స్థానంలో నేనున్నా నన్ను నమ్మను. ఊరు నవ్వింది, నా సరుకు కదిలింది. ఇక సాక్ష్యం ఎందుకు?

అప్పటి నుంచి భోజనాల దగ్గర మా ఇంట్లో మిగిలినవి రెండే మాటలు, "వడ్డించనా", "చాలు". యార్డులో ఫోను మోగితే నేను దాని మొహం వంక చూసేదాన్ని. అది గోడ వంక చూసేది. బేరాలకి ఫోన్లు పెరుగుతున్నకొద్దీ నాకు నిద్ర తగ్గింది. ఇన్నేళ్ళలో అలాంటి లెక్క నేను ఎప్పుడూ చూడలేదు.

*

కోటాయన రోడ్డు దాటి మా యార్డుకి వచ్చిన రోజు కోటు చేతిమీద వేసుకుని వచ్చాడు. కోటు విప్పాడంటేనే పరిస్థితి అర్థమైంది. కుర్చీ వేశాను. మిగిలిన ఏడు బళ్ళనీ ఒక్కొక్కటే చూసి, పాత చుట్టాన్ని పలకరించినట్టు ఒకదాని బానెట్ మీది బొమ్మని తాకాడు.

"మీరు... బాగా ఉంచారు."

"మా ఆయన పని."

"ఒక ప్రశ్న. ప్రజలు బోర్డు చూస్తున్నారు. నవ్వుతున్నారు. ఎందుకు?"

"ఎండలు కదండీ. తలకెక్కుతుంది."

ఆయన నవ్వలేదు. "పైవాళ్ళు అడుగుతున్నారు. ఆ మాట మీ అమ్మాయిది. తప్పు ఉందా, మాటలో?"

నిఘంటువు గుర్తొచ్చింది. "మాటలో తప్పు లేదండీ" అన్నాను. అబద్ధం కాదు.

"ఈ నెల చివర చూస్తారు. తర్వాత..." అని చేత్తో అద్దాల గోడ మొత్తాన్ని ఎత్తి ఇంకెక్కడో పెట్టినట్టు చూపించాడు.

ఆయన వెళ్ళాక కూడా అదే కుర్చీ వంక చూస్తూ నిలబడ్డాను. తప్పెక్కడుందో ఆయనకి నేను చెబితే, అమ్మాయి చేసిన తప్పుని తల్లి పట్టిచ్చినట్టవుతుంది. ఉద్యోగం ఆ రోజే పోతుంది. అమ్మాయే తన నోటితో చెప్పి, తానే సరిదిద్దితే నిలబడుతుంది. అమ్మాయి సరిదిద్దాలంటే నేను చెప్పింది వినాలి. వినాలంటే నన్ను నమ్మాలి.

నమ్మాలంటే, నేను అమ్మేదాన్ని కాకూడదు.

ఇందులో ఏ మెట్టు తీసేద్దామన్నా లెక్క తప్పుతోంది. మళ్ళీ మళ్ళీ వేశాను. అక్కడికే వచ్చింది.

*

"ఏవండీ, ఏడూ అమ్మేద్దామనుకుంటున్నాను. ఒకేసారి."

మా ఆయన ఒక బండి కింద పడుకుని ఉన్నారు. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"మంచి ధర వచ్చిందా?"

"లేదు."

"నష్టానికా?"

"కొంచెం. కొంచెం కంటే ఎక్కువే."

ఆయన బయటికి జరిగి, నా మొహం చూసి, చేతులు తుడుచుకున్నారు. "ఇప్పుడే కదా నాలుగు ఫోన్లు వస్తున్నాయి. ఆగితే లాభం కదా?"

"ఆగితే లాభమే."

"ఓనరుగారికి ఎండదెబ్బ తగిలింది" అన్నారు. అని, ఇంకేం అడగకుండా బకెట్టు తెచ్చి బళ్ళు కడగడం మొదలుపెట్టారు. ఏడింటినీ కడిగారు, ఎవరో దూరం వెళ్తుంటే తయారుచేసినట్టు.

మాకు పోటీగా పాత బళ్ళు అమ్మేవాడు ఊరి ఆ చివర ఉండేవాడు. ఎప్పుడూ గళ్ళచొక్కా. నేను కబురు పెట్టగానే వచ్చాడు. ధర చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"ఏంటి లోపం?"

"లోపం లేదు."

"వరదలో మునిగినవా?"

"కాదు."

"అమ్మా, నీ సంగతి నాకు తెలీదా? నువ్వు ధర తగ్గించావంటే ఇంజనుండదు." ప్రతి బానెట్ ఎత్తి చూశాడు. డిక్కీలో తలపెట్టి వాసన చూశాడు. నడిపి చూశాడు. ఎంత చూసి ఏ తప్పూ దొరక్కపోతే అంత భయపడ్డాడు.

"ఒకటి చెప్తాను విను" అన్నాను. "ఆ చిన్నబండి రేపు నిలదొక్కుకుంటే వీటి ధర పడిపోవచ్చు. చెప్పలేదనకు."

వాడప్పుడు పడీపడీ నవ్వాడు. "ఆ తగ్గకారా! దాన్ని చూసి భయపడుతున్నావా? సరే, తెలిసింది, తెలిసింది." అంతే, వాడి భయం పోయింది. నిజం చెబితే బేరం కుదరడం నా అనుభవంలో అదే మొదటిసారి. తాళాలన్నీ అరచేతిలో పోసుకుని అడిగాడు. "నిజం చెప్పమ్మా. ఎందుకు అమ్మేస్తున్నావు?"

"మా అమ్మాయితో మాట్లాడాలి" అన్నాను.

వాడు తాళాలు ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు.

*

మర్నాడు షోరూముకి సెలవు. మా ఇల్లు యార్డు వెనకే, మేడ మీద. మధ్యాహ్నం అమ్మాయి కిటికీ మూసి, గదిలో నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. కింద మా ఆయన చీపురు చప్పుడు వినిపిస్తోంది.

గుమ్మంలో నిలబడి చెప్పాను. "బోర్డు మీద మాట తీయించెయ్యి. 'కొంగపిల్ల వచ్చింది' అని రాయించు. అంతే. ఇంకో మాట వద్దు."

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఒక వెక్కిరింత చాలక ఇంకొకటి నా చేత్తో నేనే రాయాలా?"

"అది వెక్కిరింత కాదే. చిన్నది అంటే తక్కువైనట్టు. పిల్ల అంటే పెరగబోతున్నట్టు. ఏ ఇంట్లోనైనా పిల్ల వచ్చిందంటే చూడ్డానికి వస్తారు గానీ తూకం వెయ్యడానికి రారు. ఊరు ఆ పేరు ముద్దుగా పెట్టుకుంది. మీరు దాన్ని పట్టించుకోకుండా స్థాయి, స్థాయి అంటున్నారు."

అది తల ఎత్తలేదు. కాలర్ మడత సరిచేసుకుంది. "ఈ మాటవల్ల నీకేంటి లాభం?"

"కిటికీ తెరిచి చూడు."

విసుగ్గానే తెరిచింది. వెలుగు పడి కళ్ళు చికిలించింది. కింద ఖాళీ నేల. బళ్ళు నిలబడ్డచోట్ల నూనె మరకలున్నాయి, వరసగా. వాటి మధ్య మా ఆయన ఊడుస్తున్నారు, రేపు మళ్ళీ ఏదో వస్తుందన్నట్టు శ్రద్ధగా.

చాలాసేపు అలాగే చూసింది. వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు. కాలుతున్న వాసన వస్తే నేనే వెళ్ళి ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టాను.

"అన్నీనా?"

"అన్నీ."

"ఎవరికి?"

"గళ్ళచొక్కాకి."

"వాడికా!" అని గిర్రున తిరిగింది. ఉద్యోగి కాదు, యార్డులో పెరిగిన పిల్ల తిరిగింది. "ఎంతకిచ్చావు?"

"తగ్గ ధరకే" అన్నాను.

ముందు అర్థం కాలేదు దానికి. తర్వాత పెదవి బిగబట్టుకుంది. బిగబట్టుకోలేక గోడకి ఆనుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఇస్త్రీ చేసిన చొక్కాతోనే కళ్ళు తుడుచుకుంది. దాని చేతిలోంచి ఆ చొక్కా లాక్కున్నాను. చొక్కా చేతి దగ్గర ఇస్త్రీపెట్టె మచ్చ గోధుమరంగులో పడి ఉంది.

"సార్" అంటోంది అప్పటికే ఫోనులో. "తప్పు నాదే సార్. చెప్తాను. ముందు 'పిల్ల' అంటే ఏంటో చెప్తాను, వినండి..."

అవతల కోటాయన ఏమన్నాడో నాకు వినపడలేదు. అది గదిలో అటూ ఇటూ తిరుగుతూ, చేతులు తిప్పుతూ, మెల్లగా, మలుపు మలుపుకీ ఆగి ఆయనకి అర్థమయ్యేలా చెబుతోంది. ఒప్పుకుంటాడో లేదో. నెల చివరికి ఇంకెంతో లేదు. నా దగ్గర అమ్మడానికి ఒక్క బండి లేదు.

కిందనుంచి మా ఆయన కేక వేశారు. "ఓనరుగారూ! ఊడ్చేశాను. ఇప్పుడిక్కడ ఏం నిలబెడదాం?"

"ఆగండి. అమ్మాయి మాట్లాడుతోంది" అన్నాను.